డబ్బు మీద మాట ఎవరిది: సమూహమే నడిపే పేదరిక నిర్మూలన కార్యక్రమాల రూపకల్పన

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీలో ఎక్కువమంది ఇలాంటి కార్యక్రమాలు రాసేవాళ్లో, నడిపేవాళ్లో. పేదరికం ఎంత ఘోరమో మీకు నేను చెప్పక్కర్లేదు. నేరుగా పనిలోకి వెళ్దాం.

"ప్రజల భాగస్వామ్యంతో" అన్న మాట లేని ప్రాజెక్టు రిపోర్టు ఈ రోజుల్లో వెతికినా దొరకదు. అది నిజమా, అలంకారమా అని తేల్చడానికి మూడు ప్రశ్నలు చాలు. డబ్బు ఎవరి ఖాతాలో ఉంది? ఖర్చుకు సంతకం ఎవరు పెడతారు? ఆ సంతకం పెట్టేవాళ్లను దించే హక్కు ఎవరికుంది? మూడింటికీ "ఊరివాళ్లకే" అన్న జవాబు వస్తే అది సమూహం నడిపే కార్యక్రమం. మొదటి రెండే ఉండి మూడోది లేకపోతే, అది ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు నడిపే కార్యక్రమం. మూడూ లేకపోతే జనాన్ని మీటింగుకు పోగేసి సంతకాలు తీసుకునే కార్యక్రమం. ఈ మూడో రకం మనకు బాగా అలవాటు.

2013లో గజాలా మన్సూరి, విజయేంద్ర రావు అనే ఆర్థికవేత్తలు ప్రపంచ బ్యాంకు కోసం సుమారు 500 అధ్యయనాలను జల్లెడ పట్టారు. జనం తమంతట తాము కూడి కదలడం వేరు, బయటి డబ్బు వచ్చి కదిలించడం వేరు అని వాళ్లు గీత గీశారు. రెండోదాంట్లో ప్రాజెక్టు ఉన్నన్నాళ్లు కనిపించే ఉత్సాహం, డబ్బు ఆగగానే తరచుగా ఆగిపోతుంది. మనం చేసేది దాదాపు ఎప్పుడూ ఆ రెండో రకమే. అది ఒప్పుకుని మొదలుపెడితే రూపకల్పన సగం సరిగ్గా వస్తుంది.

ఒక ఉదాహరణ చూడండి. సియెర్రా లియోన్‌లో యుద్ధం ముగిశాక గోబీఫో అనే కార్యక్రమం జరిగింది. ఊరికి సుమారు 5,000 డాలర్ల గ్రాంటు ఇచ్చారు. దాంతోపాటు ఊరి కమిటీ, ఊరి ప్రణాళిక, ఆడవాళ్లకూ యువతకూ చోటు ఉండాలన్న నిబంధన, ఇవన్నీ పెట్టారు. 236 ఊళ్లు తీసుకుని లాటరీతో సగం ఊళ్లకు ఇచ్చారు, సగం ఊళ్లను పోలికకు ఉంచారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే కట్టడాలు బాగా వచ్చాయి, డబ్బు పెద్దగా పక్కదారి పట్టలేదు. కానీ నిర్ణయాలు ఎవరు తీసుకుంటారన్నది మాత్రం మారలేదు. దీన్ని తేల్చడానికి రెండు రకాల ఊళ్లకూ ఒక్కో టార్పాలిన్ ఇచ్చి, దాన్ని ఎలా వాడాలో ఎవరు నిర్ణయిస్తారో గమనించారు. రెండు చోట్లా తీరు ఒకటే. కమిటీలో ఆడవాళ్లుండాలన్న నిబంధన కమిటీ దాకానే పనిచేసింది, గడప దాటి బయటికి రాలేదు.

దీన్ని వైఫల్యం అనను. కట్టడాలు నిలబడ్డాయి, అది తక్కువేం కాదు. అయితే ఒకే ప్రాజెక్టుతో బడి గదీ వస్తుంది, ఊళ్లో అధికారం లెక్కలూ మారతాయి అని రాసేవాళ్లు ఈ ఫలితాన్ని గోడకు అంటించుకోవాలి. ఏది సాధించదలిచారో విడిగా రాయండి. దేనికి ఎన్నేళ్లు పడుతుందో కూడా విడిగా రాయండి.

ఇక పేదలెవరో తేల్చడం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఇక్కడ జరిగిన తప్పు చివరిదాకా వెంటాడుతుంది.

రెండు దారులున్నాయి. ఒకటి సర్వే: ఇంటి గోడ, పైకప్పు, పశువులు, చదువు చూసి మార్కులు వేయడం. రెండోది ఊరివాళ్లనే అడగడం. ఇండోనేషియాలో 640 గ్రామాల్లో ఈ రెండింటినీ, రెండూ కలిపిన పద్ధతినీ పక్కపక్కన పెట్టి చూశారు. ఆ ఫలితాలు 2012లో వచ్చాయి. ఇంటి ఖర్చును కొలబద్దగా పెట్టుకుంటే సర్వే కొంచెం మెరుగు. కానీ ఊరివాళ్లు తేల్చిన చోట జాబితాను జనం ఒప్పుకున్నారు, ఫిర్యాదులు తగ్గాయి. పెద్దలు తమవాళ్లను దూర్చేశారన్న ఆధారం కూడా అక్కడ దొరకలేదు. పేదరికం అంటే ఊరివాళ్ల లెక్క వేరు: ఈ నెల ఎంత ఖర్చు పెట్టారన్నది కాదు, కష్టం వస్తే ఆదుకునేవాళ్లున్నారా, సంపాదించే చేతులెన్ని అని చూస్తారు.

ఆ అధ్యయనంలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఒక చిన్న ముక్క. మీటింగులో ఇళ్ల పేర్లు లాటరీ వరసలో చదివారు. ముందు చదివిన ఇళ్లను జనం బాగా తేల్చారు, చివర్లో చదివిన ఇళ్ల దగ్గర తప్పులు పెరిగాయి. కారణం కుట్ర కాదండీ, అలసట. మూడు గంటలు కూర్చున్నాక "ఏదో ఒకటి రాసేయండి" అంటారు. మనం చేసే మీటింగుల్లో మామూలుగా చివర్లో వచ్చే ఇళ్లు ఎవరివి? ఊరి అంచున ఉండేవాళ్లవి.

కాబట్టి ఒక మీటింగులో 40, 50 ఇళ్లకు మించి పెట్టుకోవద్దు. 200 ఇళ్ల ఊరైతే నాలుగు వాడలుగా విడదీసి నాలుగు రోజులు చేయండి. ముందు నేల మీద ఊరి పటం గీయించండి, ప్రతి ఇంటికీ నంబరు వేయించండి. ఆ పటం పట్టుకుని ఊరంతా, ముఖ్యంగా ఊరి అంచులు, నడిచి చూడండి. పటంలో లేని గుడిసెలు అక్కడే దొరుకుతాయి. తర్వాత ఇంటికో కార్డు. మూడు చిన్న బృందాలు, ఒక్కో దాంట్లో ఆరేడుగురు, ఒకదానికొకటి కనబడకుండా, ఏ ఇల్లు ఎంత పేదదన్నదాన్ని బట్టి కార్డులను కుప్పలు పోయాలి. ఒక బృందం పూర్తిగా ఆడవాళ్లది కావాలి, ఒకటి కూలి పని చేసుకునేవాళ్లది కావాలి. మూడు బృందాలూ ఒకే కుప్పలో వేసిన ఇళ్ల గురించి చర్చ అక్కర్లేదు. తేడా వచ్చినవాటినే అందరి ముందూ పెట్టండి, వరసను లాటరీతో తీయండి. జాబితాను పది రోజులు అందరికీ కనబడేచోట అంటించండి, చదవడం రానివాళ్ల కోసం ఒకసారి బిగ్గరగా చదివించండి. అభ్యంతరాలను పక్క వాడవాళ్లు వినాలి, సొంత వాడవాళ్లు కాదు. అట్టడుగు కుప్పలోని ప్రతి ఇంటికీ వెళ్లి చూడాలి, మిగతావాటిలో పదింటికొకటి చూస్తే చాలు.

సమావేశం ఎప్పుడు పెట్టారన్నది కూడా ఒక రకమైన వడపోత. పగలు పదకొండింటికి పెడితే కూలికి వెళ్లేవాళ్లు రారు. రాలేదంటే ఆసక్తి లేదని రాసుకుంటాం.

పేర్లు తేలాక "మీకేం కావాలి?" అని అడుగుతాం. ఇంతకంటే పనికిరాని ప్రశ్న లేదు. మీ జీపు మీద ఏ శాఖ పేరుంటే ఆ శాఖ ఇచ్చేదే అడుగుతారు. వాళ్లు తెలివైనవాళ్లు, మీ దగ్గర ఏముందో అంచనా వేసి జవాబు చెబుతారు. దానికి బదులు ఏడాదిని నెలలుగా గీసి గింజలు పోయించండి: ఏ నెలలో ఎంత పని, ఎంత రాబడి, ఏ నెలలో అప్పు, ఎవరి దగ్గర, దేనికి, ఏ నెలలో జబ్బులు, ఏ నెలలో వలస. గింజలు తగ్గిన నెలలూ అప్పు గింజలు పెరిగిన నెలలూ పక్కపక్కన కనబడితే సమస్య తనంతట తానే నోరు విప్పుతుంది. కుట్టు మిషను అడిగిన ఊరికి నిజంగా కావాల్సింది ఏడాదిలో రెండు నెలలు గడిచేందుకు తక్కువ వడ్డీ అప్పు అని తేలవచ్చు.

ఉపాధి ఎంచుకోవడంలో ఒక తప్పు పదే పదే జరుగుతుంది: అందరూ ఒకే పని ఎంచుకోవడం. ముప్పై ఇళ్లు ఒకే వస్తువు తయారుచేస్తే ఆ ముప్పై ఇళ్లూ ఒకదానికొకటి పోటీ. ఎంపికకు ముందు సభ్యులే వెళ్లి కనీసం ముగ్గురు కొనేవాళ్లతో మాట్లాడి రావాలి: వారానికి ఎంత కొంటారు, ఏ ధరకు, డబ్బు ఎన్నాళ్లకు ఇస్తారు. ఆ మూడు జవాబులూ తీర్మానాల పుస్తకంలోకి ఎక్కాకే డబ్బు విడుదల కావాలి. జీవాలైతే చావు లెక్క కూడా వేయాలి. హోండురాస్‌లో ఒక కార్యక్రమంలో చాలా కుటుంబాలు కోళ్లు ఎంచుకున్నాయి, రోగం వచ్చి ఎక్కువభాగం పోయాయి. మిగతా దేశాల్లో ఫలితమిచ్చిన నమూనా అక్కడ ఆస్తుల విషయంలో నిలవలేదు.

ఆ నమూనా గురించి రెండు మాటలు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో మొదలుపెట్టింది. పొదుపు సంఘాలు, చిన్న అప్పులు అట్టడుగు కుటుంబాలను చేరడం లేదని గమనించి విడిగా ఒక దారి వేశారు. ఒక ఆస్తి, అది రాబడి ఇచ్చేదాకా గడవడానికి కొన్ని నెలల భృతి, ఆ పనిలో శిక్షణ, పొదుపు, ఆరోగ్య సాయం, వారం వారం ఇంటికి వచ్చి మాట్లాడే మనిషి. మొత్తం రెండేళ్లు. ఇదే పద్ధతిని ఇథియోపియా, ఘనా, హోండురాస్, భారత్, పాకిస్తాన్, పెరూల్లో పది వేలకు పైగా కుటుంబాలతో పరీక్షించారు. 2015లో వచ్చిన ఫలితాల ప్రకారం, సాయం ఆగిన ఏడాది తర్వాత కూడా ఎక్కువ చోట్ల రాబడి, తిండి మెరుగ్గానే ఉన్నాయి. భృతి దండగని తీసేద్దామనే అధికారులు ప్రతిచోటా ఉంటారు. భృతి తీసేస్తే ఇచ్చిన ఆస్తిని మూడో నెలలో అమ్ముకుంటారు. అది వాళ్ల తప్పు కాదు, ఆకలి తప్పు.

ఇందులో నేర్చుకోవాల్సింది ఏమిటంటే, సమూహానికి అన్నీ వదిలేయకూడదు. జాబితా తేల్చడం, కొనుగోలు, తనిఖీ సమూహం చేయగలదు. అట్టడుగు కుటుంబానికి ధైర్యం చెప్పే ఇంటి సందర్శనను పక్కింటివాళ్ల మీద వదిలేస్తే, ఒక్కోసారి ఆ పక్కింటివాళ్లే వాళ్లకు అప్పిచ్చినవాళ్లు.

మిగతా పేద కుటుంబాలకు పొదుపు సంఘం మంచి పునాది. 1991లో కేర్ సంస్థ నైజర్ దేశంలో మొదలుపెట్టిన గ్రామ పొదుపు సంఘాల పద్ధతి చూడండి, యంత్రం విప్పి చూసినట్టుంటుంది. 15 నుంచి 25 మంది. ప్రతి సమావేశంలో ఒక్కొక్కరు ఒకటి నుంచి ఐదు వాటాల దాకా కొనుక్కోవచ్చు; వాటా అంటే సంఘం ముందే ధర నిర్ణయించుకున్న పొదుపు ముక్క. ఐదు అన్న గరిష్ఠ పరిమితి ఎందుకంటే, ఉన్నవాళ్లు సంఘాన్ని కొనేయకుండా. డబ్బు మూడు తాళాల పెట్టెలో, మూడు తాళం చెవులు ముగ్గురి దగ్గర, పెట్టె నాలుగో మనిషి ఇంట్లో. పెట్టె సమావేశంలో అందరి ముందే తెరుచుకుంటుంది. అప్పు తన పొదుపుకు మూడు రెట్లు దాటకూడదు. మామూలుగా మూడు నెలల్లో తీర్చాలి. ఆపదల కోసం విడిగా చిన్న నిధి. తొమ్మిది నుంచి పన్నెండు నెలలకు ఒకసారి మొత్తం లెక్క తేల్చి పంచేసుకుని, ఇష్టమున్నవాళ్లు మళ్లీ మొదలుపెడతారు.

ఆ ఏడాది చివరి పంపకమే దీనికి గుండెకాయ. చదువు రాని సభ్యురాలికి కూడా లెక్క సరిపోయిందో లేదో ఆ రోజు చేతికొచ్చిన డబ్బే చెబుతుంది. లెక్కల పుస్తకం ఎంత బాగున్నా అది చెప్పలేదు. బయటి గ్రాంటును తెచ్చి ఆ పెట్టెలో కలిపితే ఈ క్రమశిక్షణ పోతుంది. "అత్త సొమ్ము అల్లుడు దానం" అన్నట్టు తయారవుతుంది. గ్రాంటుకు వేరే ఖాతా, వేరే పుస్తకం.

డబ్బు కాపలా సంగతికి వద్దాం. ఇండోనేషియాలో ఊరి రోడ్ల ప్రాజెక్టుల మీద ఆర్థికవేత్త బెంజమిన్ ఓల్కెన్ చేసిన పరిశోధన 2007లో వచ్చింది. 600కు పైగా గ్రామాలు. ఇంజనీర్లు రోడ్లను తవ్వి నమూనాలు తీసి, ఎంత రాయి, ఎంత ఇసుక నిజంగా పడిందో కొలిచారు. దాన్ని బిల్లులతో పోల్చారు. "తప్పకుండా ఆడిట్ వస్తుంది" అని ముందే చెప్పిన చోట మాయమైన ఖర్చు సుమారు 8 శాతం పాయింట్లు తగ్గింది. జనాన్ని ఎక్కువగా సమావేశాలకు పిలిచిన చోట సగటున పెద్ద తేడా రాలేదు. ఎందుకో చూడండి: కూలి డబ్బులో దొంగతనం తగ్గింది, సామగ్రిలో తగ్గలేదు. కూలి ఎవరికి వాళ్లది, అందుకే అడిగారు. సిమెంటు, రాయి అందరివి. "పదిమందిలో పాము చావదు" అని ఊరికే అనలేదు. ఆడిట్ భయం పెరిగిన ఊళ్లలో మరో విచిత్రం: పెద్దల బంధువులకు ఆ పనుల్లో కూలి ఎక్కువగా దొరికింది. ఒక కన్నం మూస్తే ఇంకో కన్నం.

దీన్నిబట్టి, ఊరివాళ్ల నిఘా, బయటి ఆడిట్ రెండూ ఉండాలి, కానీ వేర్వేరు పనులకు. కూలి, లబ్ధిదారుల పేర్లు, వచ్చిన వస్తువుల సంఖ్య, ఇవి ఊరివాళ్లు చూస్తారు. సామగ్రి నాణ్యత, కొలతలు, ధరలు బయటివాళ్లు చూడాలి. కొనే కమిటీ వేరు, వచ్చిన సరుకును కొలిచి తీసుకునే కమిటీ వేరు. ఈ ఒక్క విభజన చేయని చోట మిగతా నిబంధనలన్నీ కాగితం. మూడు కొటేషన్లు అడిగితే ఒకే దుకాణం మూడు లెటర్‌హెడ్‌ల మీద రాసిస్తుంది. అందుకని కొటేషన్లు తెచ్చేవాళ్లు ముగ్గురూ వేర్వేరు వాడల నుంచి ఉండాలి. డబ్బు మూడు విడతలుగా వెళ్లాలి: 40, 40, 20. మొదటి విడత ఓచర్లు సమావేశంలో చదివి వినిపించాకే రెండోది. చివరి 20 పని పూర్తయ్యాక కాదు, మరమ్మతు ఏర్పాటు మొదలయ్యాక.

మరమ్మతు అంటే గుర్తొచ్చింది. సబ్ సహారా ఆఫ్రికాలో చేతిపంపుల్లో మూడో వంతుకు పైగా పనిచేయడం లేదని 2009లో గ్రామీణ నీటి నిపుణుల నెట్‌వర్క్ లెక్క తేల్చింది. చాలా పంపుల దగ్గర కమిటీ ఉందనే రికార్డు ఉంటుంది. లేనిది డబ్బు లెక్క. లెక్క ఇలా వేయండి: ఒక యంత్రం ధర 100 భాగాలు, ఆయుష్షు పదేళ్లు అనుకుంటే, ఏటా 10 భాగాలు కొత్తది కొనడానికి పక్కన పెట్టాలి. చిన్న మరమ్మతులకు ఇంకో 5. అంటే ఏటా 15. వాడేవి 50 ఇళ్లైతే ఇంటికి ఏటా 0.3 భాగం. ఇది సభ్యులు కట్టగలరా? కట్టలేకపోతే చిన్న యంత్రం ఎంచుకోవాలి, లేదా తేడా ఏ ప్రభుత్వ సంస్థ భరిస్తుందో రాతపూర్వకంగా ఉండాలి. "తర్వాత చూద్దాం" అన్న చోట తర్వాత తుప్పే మిగులుతుంది. ఎప్పటికీ ప్రభుత్వం చేయాల్సిన పనిని "సమూహం సొంతం చేసుకుంది" అని పేదల నెత్తిన పెట్టడమూ మోసమే. ధనిక పట్నాల్లో ఎవరూ తమ నీటి పైపును తామే బాగుచేసుకోరు కదా.

శిక్షణల గురించి ఎక్కువ చెప్పను. ఐదు రోజుల తరగతి కంటే, అవసరం పడిన వారంలో గంటసేపు చెప్పింది గుర్తుంటుంది.

ఇక మీరు బయటికి రావడం. ఇది చివరి అధ్యాయంలో కాదు, మొదటి పేజీలో రాయాలి. మొదటి ఆరు నెలలు మీ సంస్థ కార్యకర్త సంఘం లెక్కల పుస్తకం రాస్తారు, సభ్యురాలు పక్కన కూర్చుని చూస్తుంది. తర్వాతి ఆరు నెలలు సభ్యురాలు రాస్తుంది, కార్యకర్త సరిచూస్తారు. రెండో ఏడాది కార్యకర్త నెలకోసారి వస్తారు, మూడో ఏడాది మూడు నెలలకోసారి. వెళ్లిపోవడానికి తేదీ పెట్టుకోవద్దు, గుర్తులు పెట్టుకోండి: కార్యకర్త లేకుండా వరుసగా మూడు సమావేశాలు జరిగాయా? పెట్టెలో డబ్బు, పుస్తకంలో అంకె కలిశాయా? ఒక్కసారైనా నాయకురాలు మారిందా? ఒక బకాయిదారును బయటివాళ్ల సాయం లేకుండా దారికి తెచ్చారా? చివరిది ముఖ్యం. ఉమ్మడి వనరులను తరాల తరబడి కాపాడుకున్న సమూహాలను రాజనీతి శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రమ్ పరిశీలించారు. వాటిలో శిక్షలు మెట్లుమెట్లుగా ఉంటాయని ఆమె గమనించారు: మొదట మందలింపు, తర్వాత చిన్న జరిమానా, ఆ తర్వాతే పెద్దది. మొదటి తప్పుకే సభ్యత్వం రద్దు అని రాసుకున్న సంఘం ఆ నిబంధనను ఎప్పటికీ వాడదు. వాడని నిబంధన మిగతావాటినీ పలచన చేస్తుంది.

అప్పుల వసూలు నూటికి నూరు అని రిపోర్టు వస్తే సంతోషపడకండి. పుస్తకం తెరిచి తేదీలు చూడండి. పాత అప్పు తీరిన రోజే, అదే మనిషికి, అంతకంటే కొంచెం పెద్ద అప్పు రాసి ఉంటే, అప్పు పుస్తకంలో తీరింది, ఇంట్లో తీరలేదు. ఆఫీసు "సంఘాల సంఖ్య" అడిగినప్పుడు కూడా ఇలాంటిదే జరుగుతుంది: సంఘాలు ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి నెలలో పుడతాయి.

ఇక్కడ ఒక చీటీ వచ్చింది, చదువుతాను. "సమూహం తప్పు నిర్ణయం తీసుకుంటుంటే చూస్తూ ఊరుకోవాలా?" మంచి ప్రశ్న. తప్పు రెండు రకాలు. డబ్బు నష్టపోయే తప్పు ఒకటి, బలహీనులను తోసేసే తప్పు ఒకటి. మొదటిదాన్ని మీ అభిప్రాయం చెప్పి, మొదటి విడత వరకు జరగనివ్వండి. ఆ నష్టం భరించగలిగేంత చిన్నదిగా ఉండేలా విడత కట్టడం మీ పని. రెండోదాన్ని, అంటే ఒక వాడను, ఒంటరి ఆడవాళ్లను, వికలాంగులను జాబితా నుంచి తీసేస్తామన్నదాన్ని, మొదటి రోజే ఒప్పందంలో మినహాయించాలి: ఇది మీ ఓటుకు లోబడదు, ఇది జరిగితే డబ్బు ఆగుతుంది అని. మధ్యలో చెబితే పెత్తనం అంటారు, అన్నా తప్పులేదు. ఒప్పందం సంతకాలప్పుడు చెబితే నిబంధన అవుతుంది. ఇంకో చీటీ కూడా ఉంది, కానీ అది భోజనం ఎన్నింటికని. ఒంటిగంటకు.